వెర్మాంట్ శాసనసభలో నేనాడిన అబద్ధం

నయాగరా చూడకుండా అమెరికా నుంచి తిరిగొచ్చినందుకు మా అపార్ట్‌మెంట్‌లో నన్ను ఇంకా ఎవరూ క్షమించలేదు. లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్లూ "మరి ఏం చూశారండీ?" అని అడుగుతారు. "బురద చూశాను, ఒక చిన్న శాసనసభ చూశాను" అంటే నవ్వేసి ఊరుకుంటారు. నవ్వే విషయమే. ముప్పై నాలుగేళ్లు ఒక శాసనసభ కార్యాలయంలో కమిటీల ఫైళ్లు మోసి రిటైరైన మనిషి, అంత దూరం వెళ్లి మళ్లీ ఇంకో శాసనసభలోనే కూర్చుందంటే ఇక ఆ బుద్ధి మారేదెప్పుడు? అయితే అక్కడ నేనొక పని చేసి వచ్చాను. అది నవ్వి ఊరుకునేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

షాంటిలీ

వర్జీనియాలోని షాంటిలీలో మా తమ్ముడి కూతురు హారిక ఉంటుంది. దాని ఇంట్లో దిగి మూడు వారాలు గోంగూర పచ్చడి, గుత్తి వంకాయ తింటూ గడిపాను. అమెరికాలో ఉన్నానని గుర్తు చేయడానికి కిటికీ అవతల ఎండిపోయిన చెట్లు తప్ప మరేమీ లేదు. వెర్మాంట్ వెళ్తానన్నప్పుడు హారిక నా వంక జాలిగా చూసింది.

"వెర్మాంట్‌లో ఏముంటుంది పెద్దత్తా? స్నో, ఆవులు. అంతే. నయాగరా అయితే లాంగ్ వీకెండ్‌లో డ్రైవ్ చేసేయొచ్చు. హోటల్ బుక్ చేయనా?"

"అక్కడ అన్నపూర్ణక్కయ్య ఉందిగా."

"ఆవిడ్నే ఇక్కడికి రమ్మను. ఫ్లైట్ టికెట్ నేను చూస్తాను."

అన్నపూర్ణక్కయ్య మా పెదనాన్న కూతురు. డెబ్బైల్లో గుంటూరులో మెడిసిన్ చదివి వెళ్లి, వెర్మాంట్‌లోని ఒక చిన్న ఊళ్లో డాక్టరుగా స్థిరపడింది. రిటైరైనా ఆ ఊరు వదల్లేదు. ఫోన్‌లో ఆవిడ అన్న మాట ఒకటి నాకు గుచ్చుకుంది. "మార్చి మొదటి మంగళవారం మా ఊరి సభ ఉంటుంది సరోజా. నువ్వు అసెంబ్లీలో పని చేశావు కదా, అసలు సభ ఎలా ఉంటుందో చూద్దువుగాని రా." అసలు సభట! అంటే నేను ముప్పై నాలుగేళ్లు చూసింది ఏమిటి మరి? సగం ప్రేమతో, సగం ఉక్రోషంతో బయల్దేరాను.

బయల్దేరే ముందు అక్కయ్యకి ఇష్టమని ఇండియన్ షాపులో రెండు ప్యాకెట్ల జీడిపప్పు తీసుకున్నాను. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి చదివాను. పప్పు ఏ దేశం నుంచి వచ్చిందో రాసి ఉంది. మన దేశం కాదు. ఆ పేరు చూడగానే రెండు ప్యాకెట్లూ మళ్లీ అరలో పెట్టేశాను.

"ఎక్స్‌పైర్ అయిందా అత్తా?" అంది హారిక.

"లేదులే. బాదం తీసుకుందాం" అన్నాను.

రైల్లో ఒక పగలంతా

వాషింగ్టన్‌లో పొద్దున రైలెక్కితే వెర్మాంట్ చేరేసరికి సాయంత్రం అవుతుంది. మన రైళ్లలా అరుపులు, పల్లీలు, టీ కేకలు ఉండవు. టీ కావాలంటే ఊగుతూ నాలుగు పెట్టెలు దాటి వెళ్లాలి. వేడి నీళ్లు, దారం కట్టిన టీ సంచీ, కాగితం కప్పు కలిపి మూడు డాలర్ల పైమాటే. మనసులో రూపాయల్లోకి మార్చుకుంటూ తాగాను కాబట్టి రుచి తెలియలేదు.

పక్క సీట్లో నా వయసావిడ ఒకరు కూర్చున్నారు. స్కూల్లో వంట చేసి రిటైరయ్యారట. తన శాండ్‌విచ్‌లో సగం నాకు చాపి, ఏం పని చేసేవారని అడిగారు. చట్టసభలో ఫైళ్లు చూసేదాన్నని చెప్పాను. "అయితే మీకు జనం కష్టసుఖాలన్నీ తెలిసి ఉంటాయి" అన్నారావిడ, మెచ్చుకోలుగా. నేను కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాను. మంచు కరిగి నది నిండుగా ఉంది. ఆ జీడిపప్పు ప్యాకెట్టు నన్ను వదల్లేదు. దాని సంగతి ఇక్కడే చెప్పేస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

తొమ్మిదేళ్ల కిందట నేను అర్జీల కమిటీ సెక్షన్ చూసేదాన్ని. ఒకరోజు పార్వతమ్మ అనే ఆవిడ ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఉద్దానం నుంచి వచ్చింది. వాళ్లు జీడి పిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీసే బట్టీల్లో కూలీలు. ఒక పేజీ అర్జీ, దాని కింద నలభై ఒక్క పేర్లు, పేరు పక్కన వేలిముద్ర. ఆ ముద్రల్లో గీతలు లేవు. పిక్కలోంచి చిమ్మే నూనె పడీ పడీ వేళ్ల మీద చర్మం ఊడి గీతలు చెరిగిపోయాయి. నలభై ఒక్క నల్లటి మచ్చలు, అంతే. అర్జీలో అడిగింది చిన్న విషయమే. కేంద్రం ఏదో విదేశీ ఒప్పందం చేసుకుంటోందని విన్నాం, పిక్కలు తెప్పించుకోండి, ఒలిచిన పప్పు మాత్రం తెప్పించకండి, పిక్క వస్తే మాకు పని ఉంటుంది, పప్పు వస్తే ఏం పని ఉంటుంది అని.

సరిగ్గా ఆ వారమే ప్రభుత్వ శాఖ ఒకటి మాకు కాగితం పంపింది. ఆ ఒప్పందం మీద రాష్ట్రం అభిప్రాయం నెల రోజుల్లో చెప్పమని కేంద్రం అడుగుతోంది, మీ దగ్గర ఈ విషయంలో అర్జీలేమైనా ఉన్నాయా అని. ప్యాకెట్టు మీద నేను చూసిన పేరు ఆ ఒప్పందంలోని దేశానిదే. రెండు కాగితాలూ నా బల్ల మీదే ఉన్నాయి. ఒకదాన్ని ఇంకోదానికి దారంతో కడితే చాలు. కానీ పాత కమిటీ గడువు అయిపోయింది, కొత్త కమిటీ ఇంకా వేయలేదు. పైగా విదేశీ వ్యాపారం కేంద్రం చూసుకునే విషయం, అలాంటి అర్జీలు మేం తీసుకోకూడదని నిబంధన. అర్జీలేమీ లేవని, శాఖకి "నిల్" అని జవాబు రాశాను. అర్జీ మీద "రాష్ట్ర పరిధిలోని అంశం కాదు. ఎల్.డిస్." అని రాశాను. మా ఆఫీసు భాషలో ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి చించేయవచ్చని. పై అధికారి సంతకం పెట్టారు, నిజమే. కానీ నోటు రాసిన కలం నాది.

అసలు తప్పు అది కూడా కాదేమో. ఆ రోజు పార్వతమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "ఇది ఢిల్లీ ఎల్తాదా అమ్మా?" అని అడిగింది. "వెళ్తుంది" అన్నాను. పని ఒత్తిడిలో మనిషిని పంపేయడానికి అనే మాట. రెండు మూడేళ్లకి పేపర్లో బట్టీలు మూతపడుతున్నాయని చిన్న వార్త వచ్చింది. అది ఆ ఒప్పందం వల్లేనని నేను చెప్పలేను. అడిగినవాళ్లకి మాత్రం, ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదని నేనే రాసిచ్చాను.

ఊరి సభ

అక్కయ్యకి డెబ్బై ఎనిమిదేళ్లు. బూట్లు, మందపాటి కోటు, తల మీద ఉన్ని టోపీ, కోటు కింద నేత చీర. తనే కారు నడుపుతుంది. "బస్సు స్టాండు", "పోస్టు వేయించు" లాంటి అప్పటి తెలుగు మాటలు ఆవిడ నోట్లో యాభై ఏళ్లుగా అలాగే ఉన్నాయి. ఆవిడ ఊరికి దారి మట్టి రోడ్డు. మార్చిలో మంచు కరిగితే ఆ రోడ్లన్నీ ఊబులైపోతాయి. వాళ్లు దాన్ని ఒక ఋతువు కింద లెక్కేస్తారు. చలికాలానికీ వసంతానికీ మధ్య బురదకాలం అట. ఈసారి ముందే వచ్చిందన్నారు.

సభ స్కూలు ఆటల గదిలో జరిగింది. మడత కుర్చీలు, గోడకి బాస్కెట్‌బాల్ వల, దాని కింద ఒక బల్ల. బల్ల దగ్గర చెక్క సుత్తితో ఒక పెద్దాయన. ఊరి బడ్జెట్ ఒక్కొక్క పద్దూ చదువుతారు, ఎవరికి తోచింది వాళ్లు లేచి అడుగుతారు. రోడ్డు చదును చేసే యంత్రం కొత్తది కొనాలా పాతదే బాగు చేయించాలా అని గంటసేపు వాదించుకున్నారు. వినేవాళ్లెవరూ విసుక్కోలేదు. మన గ్రామసభల్లో తీర్మానం ముందే రాసుకొచ్చి సంతకాలు సభ అయ్యాక పెట్టించడం నేను చూశాను. ఇక్కడ తీర్మానంలో ఒక మాట మార్చడానికి ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని ముందు వరుస దాకా నడిచి వెళ్లింది.

మధ్యాహ్నం భోజనం ఊరివాళ్లే వండి తెచ్చారు. తియ్యటి చిక్కుడు గింజల కూర, మకరోనీ, ఆపిల్ పై. ఒక డబ్బాలో మన ఇష్టం వచ్చినంత వేయాలి. ఎవరెంత వేశారని ఎవరూ చూడరు. నా అలవాటు కొద్దీ నేను చూశాను.

భోజనాల తర్వాత డేవ్ లేచాడు. అక్కయ్య ఇంటి పక్క రైతు, అరవై ఏళ్లుంటాయి, ఆవులు ఉన్నాయి, మేపుల్ తోట ఉంది. చెట్టు నీరు మరిగించి సిరప్ చేస్తాడు. చెట్టు నుంచి తీసినదైతేనే డబ్బా మీద మేపుల్ అని రాయాలని ఆ రాష్ట్రంలో గట్టి చట్టం ఉంది. వాషింగ్టన్‌లో చర్చిస్తున్న ఒక విదేశీ ఒప్పందం ముసాయిదాలో, ఇలాంటి రాష్ట్రాల లేబుల్ నియమాలు వ్యాపారానికి అడ్డం అనే మాట ఉందట. అది అలాగే ఖాయమైతే రంగు కలిపిన చక్కెర పాకానికి, తన సిరప్‌కి డబ్బా మీద తేడా ఉండదు. మా శాసనసభ వాషింగ్టన్‌కి ఉత్తరం రాయాలి అని ఊరు అడగాలి అన్నాడు డేవ్, కాగితం చూసి చదువుతూ.

వెనక నుంచి ఒకాయన లేచాడు. "అది వాషింగ్టన్ పని కదా డేవ్. మన ఊరికేం సంబంధం, మన శాసనసభకేం సంబంధం?"

నేను నిటారుగా కూర్చున్నాను. అచ్చం నా నోటు.

"ఒప్పందం వాళ్లదే. చెట్లు మాత్రం నావి" అన్నాడు డేవ్.

ఔనన్నవాళ్లు గట్టిగా అన్నారు, కాదన్నవాళ్లు నలుగురైదుగురు. తీర్మానం నెగ్గింది. ఆ ప్రాంతపు శాసనసభ్యురాలు అక్కడే, ఒళ్లో భోజనం పళ్లెం పెట్టుకుని రాసుకుంటోంది. సభ్యులంతా తమ ఊరి సభల్లో కూర్చోవాలని ఆ వారం శాసనసభకే సెలవట. అది విని అక్కయ్య నా వైపు తిరిగి కనుబొమ్మలెగరేసింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు.

పాకం

శనివారం డేవ్ తోటకి వెళ్లాం. చెట్ల మధ్య చెక్క గది, పైకప్పులోంచి ఆవిరి. లోపల వెడల్పాటి పెనాల్లో చెట్టు నీరు సలసల మరుగుతోంది. నలభై పాళ్లు నీరు మరిగితే ఒక పాలు సిరప్. గుమ్మంలో అడుగుపెట్టగానే బెల్లం వండేచోట వచ్చే వాసన తగిలింది. ఎన్నాళ్లయిందో ఆ వాసన చూసి. డేవ్ గరిటె ఎత్తి అంచు నుంచి ధార చూస్తుంటే అక్కయ్య "ఇంకా తీగపాకం రాలేదోయ్" అని తెలుగులోనే అంది. అతను తలూపాడు. యాభై ఏళ్లలో ఆ మాట అర్థమైపోయినట్టుంది.

డేవ్ భార్య బయటి నుంచి పళ్లెం నిండా శుభ్రమైన మంచు తెచ్చి, దాని మీద వేడి పాకం పోసింది. అది గడ్డకట్టి, తిరునాళ్లలో అమ్మే బెల్లం జీడిలా సాగుతుంది. దాంతో పాటు ఉప్పునీళ్లలో ఊరిన పుల్లటి దోసకాయ ముక్క, ఒక వడలాంటిది ఇచ్చారు. ముందు తీపి తిని, తర్వాత పులుపు కొరికి, మళ్లీ తీపి తినాలట. నేను అన్నంలో ఊరగాయలా రెండూ కలిపి నోట్లో పెట్టుకున్నాను. వాళ్లందరూ నా ముఖం చూసి పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

వచ్చేటప్పుడు డేవ్ ఒక డబ్బా ఇచ్చి, దాని మీద అక్షరాలు వేలితో చూపించాడు. "బుధవారం శాసనసభ కమిటీ ముందు మాట్లాడాలి. నాకు మాట్లాడడం రాదు. ఆవులతోనే మాట్లాడతాను" అన్నాడు. అతని వేళ్లు కూడా పాకం చుక్కలు పడి కాలిన మచ్చలతో ఉన్నాయి.

మాంట్‌పీలియర్

వెర్మాంట్ రాజధాని మాంట్‌పీలియర్ మన తాలూకా కేంద్రమంత ఉండదు. బంగారు గోపురం ఉన్న శాసనసభ భవనంలోకి పాసు లేకుండా, ఎవరూ సంచీ తడమకుండా నడిచి వెళ్లిపోయాం. మా దగ్గర మూడు గేట్లు దాటాలి, మూడు చోట్లా పేరు రాయాలి. ఆ రోజుల్లో పార్వతమ్మ ఎన్ని గంటలు గేటు దగ్గర నిలబడిందో నేను అడగలేదని అప్పుడే తట్టింది. సభ్యులకు సొంత గదులు లేవు. ట్రే పట్టుకుని క్యాంటీన్ వరుసలో మన ముందే నిలబడి సూపు పోయించుకుంటారు.

కమిటీ గది చిన్నది. పొడుగాటి బల్ల చుట్టూ పదకొండు మంది మోచేతులు తగిలేలా కూర్చున్నారు. గోడ పొడవునా మా కుర్చీలు. చైర్ పర్సన్ పేరు మార్గరెట్, లైబ్రరీలో పని చేసి రిటైరైన మనిషి, వింటూ వింటూ మేజోడు అల్లుకుంటోంది. కమిటీ అసిస్టెంట్ రేచల్ అనే పాతికేళ్ల అమ్మాయి. అంటే అక్కడ ఆమె నేను. ప్రతి మాటా రికార్డవుతుంది, కెమెరా ఇంటర్నెట్‌లో చూపిస్తుంటుంది.

ముందు గోడవారనున్న వాళ్లంతా ఎవరో చెప్పమంది మార్గరెట్. డేవ్ తన పేరు చెప్పాడు. అక్కయ్య లేచి, "నేను డాక్టర్ని. ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకరిని ఈ లోకంలోకి తెచ్చింది నేనే" అంది. గదంతా నవ్వు. "ఈమె మా చెల్లెలు. ఇండియాలో ఒక శాసనసభలో కమిటీల ఆఫీసర్‌గా చేసింది."

మార్గరెట్ అల్లిక ఆపింది. ఆమె ముఖంలో నిజమైన ఆసక్తి. "మంచి వేళకి వచ్చారు. మా దగ్గర ప్రతిసారీ ఇదే గొడవ. విదేశీ ఒప్పందాల మీద రాష్ట్రాలకి మాట్లాడే పని ఉందా లేదా అని. యూరప్‌లో ఒక చిన్న ప్రాంతపు శాసనసభ పెద్ద ఒప్పందాన్నే కొన్నాళ్లు ఆపింది. మీ దగ్గర ఇలాంటి అర్జీ వస్తే ఏం చేస్తారు?"

పదకొండు ముఖాలు నా వైపు తిరిగాయి. డేవ్ టోపీ నలుపుతూ నా వైపే చూస్తున్నాడు. అక్కయ్య గర్వంగా వెనక్కి వాలింది. నిజం నాలుక చివర్లో ఉంది. ఒక్క వాక్యం. చించేస్తాం అని.

"ప్రతి అర్జీనీ కమిటీ ముందు పెడతాం. అర్జీదారుల మాట విని, సభ అభిప్రాయంతో కలిపి ఢిల్లీకి పంపుతాం" అన్నాను.

నా ఇంగ్లీషు ఎప్పుడూ అంత తడబాటు లేకుండా రాలేదు.

"అద్భుతం" అంది మార్గరెట్. "అలాంటి ఉత్తరం ఒకటి మాకు నమూనాగా పంపగలరా? రేచల్, వీరి ఈమెయిల్ తీసుకో."

"తప్పకుండా" అన్నాను.

తర్వాత డేవ్ మాట్లాడాడు. కాగితం చూస్తూ మొత్తం చదివాడు. చివర్లో కాగితం కింద పెట్టేసి, లేబుల్ పోతే తన తోట కూడా పోతుందని, నలభై ఏళ్ల పని అని, ఇంకేం చెప్పాలో తెలియడం లేదని అన్నాడు. ఎనిమిది మంది ఉత్తరం రాయాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. వద్దన్నవాళ్ల కారణాలు కూడా రేచల్ రాసుకుంది.

క్యాంటీన్‌లో రేచల్‌ని అడిగాను, వాషింగ్టన్ వింటుందా అని.

"ఎక్కువసార్లు అందింది, థాంక్యూ అని జవాబు వస్తుంది. అంతే."

"మరి ఇంత కష్టం ఎందుకు?"

ఆ అమ్మాయికి నా ప్రశ్నే వింతగా తోచినట్టుంది. "మాకెవరూ చెప్పలేదు అని రేపు వాళ్లు అనకూడదు కదా" అంది.

బురద

తిరుగు దారిలో అక్కయ్య ఇంటికి మైలు దూరంలో కారు బురదలో దిగబడింది. చక్రం తిరిగిన కొద్దీ కిందికి పోతోంది. ఆవిడ ఇంజిన్ ఆపి, తన ట్రక్కులో ముందే ఇల్లు చేరిన డేవ్‌కి ఫోన్ చేసింది. ట్రాక్టర్ తెస్తానన్నాడు. మధ్యాహ్నపు ఎండ, రెండు వైపులా కరుగుతున్న మంచు, కారులో మేమిద్దరం. పారిపోవడానికి ఎక్కడా చోటు లేదు. అంతా చెప్పేశాను.

అక్కయ్య స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి నా వైపు తిరిగింది.

"ఆ అబద్ధం ఎవరి కోసం ఆడావు?"

"దేశం పరువు..."

"దేశం నిన్ను అడిగిందా సరోజా?"

నేను అద్దం దించి చక్రం ఎంత దిగిందో చూశాను.

"నలభై ఏళ్లు ప్రాక్టీస్ చేశాను. నా వల్ల పొరపాట్లు జరిగాయి. మనుషులు పోయారు కూడా. కానీ పోయిన పేషెంట్ చార్ట్ సైతం మేం అలా చింపం. ఏం జరిగిందో ఒకచోట ఉండాలి." ఓదార్చడం ఆవిడకి చేతకాదు. ఆ రోజు ప్రయత్నం కూడా చేయలేదు.

డేవ్ వచ్చి గొలుసు తగిలించి కారును బయటికి లాగాడు. నా అద్దం దగ్గరికి వచ్చి, మోకాళ్ల దాకా బురదతో నిలబడి అన్నాడు: "మీకు థాంక్స్ చెప్పాలి. లోపలికి వెళ్లేటప్పుడు వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. అంత పెద్ద దేశంలోనే నాలాంటివాడి మాట కూర్చోబెట్టి వింటారని మీరు చెప్పాక ధైర్యం వచ్చింది."

అక్కయ్య నా వంక చూడలేదు. నేను "ఫర్వాలేదు" అన్నాను. ఆ ప్రయాణంలో నేను తలుచుకుని సిగ్గుపడే మాటల్లో అదొకటి.

తిరిగొచ్చాక

ఇంటికి వచ్చిన వారానికి రేచల్ నుంచి ఈమెయిల్. మీరు చెప్పిన ఉత్తరం వీలైనప్పుడు పంపగలరా అని. పదిహేను రోజులు దాన్ని తెరుస్తూ మూస్తూ గడిపాను. తర్వాత పాత ఆఫీసుకి వెళ్లాను. రికార్డు గదిలో నా దగ్గర పని నేర్చుకున్న మనిషే ఉన్నాడు.

"ఎల్.డిస్. ఫైలు కదండీ మేడం, ఎప్పుడో పోయుంటుంది" అన్నాడు. రిజిస్టర్ మాత్రం తీసిచ్చాడు. అందులో నా దస్తూరీతో ఒక వరుస ఉంది. అర్జీదారు: పార్వతమ్మ, తదితరులు. విషయం: జీడిపప్పు దిగుమతి. ఆ పక్కన ఊరి పేరు. తదితరులు అనే మాట నా ఉద్యోగంలో ఎన్ని వేలసార్లు రాశానో తెలియదు. నలభై మంది మనుషులు ఆ ఒక్క మాటలో ఇమిడిపోయారు.

ఆ సాయంత్రమే వెర్మాంట్‌కి జవాబు రాశాను. అలాంటి ఉత్తరం లేదు, నేను చెప్పింది అబద్ధం, అసలు జరిగింది ఇది అని. అర్జీలో ఉన్నది గుర్తున్నంత మేరకు ఇంగ్లీషులో రాసి జత చేశాను. కింద పేర్లు రాయబోతే ఏడే గుర్తొచ్చాయి. ఈ సంగతి డేవ్‌కి కూడా చెప్పమని రాశాను.

మార్గరెట్ స్వయంగా జవాబిచ్చింది. కోప్పడలేదు, పొగడలేదు. మీ సవరణను ఆ రోజు రికార్డులో చేర్చాం, అర్జీని దాని వెనక జత చేశాం, మిగతా పేర్లు దొరికితే పంపండి, చేరుస్తాం అంది. వాషింగ్టన్ నుంచి వాళ్ల ఉత్తరానికి థాంక్యూ వచ్చిందట. అంతే వచ్చిందట.

అంటే పార్వతమ్మ అర్జీ ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక చోటు ఇప్పుడు వెర్మాంట్ శాసనసభ. ఈ మాట రాస్తుంటే నాకు సంతోషం కలగడం లేదు. సరిగ్గా తొమ్మిదేళ్ల కిందట ఒక దారప్పోగుతో అయ్యే పని.

మిగతా పేర్ల కోసం పలాసలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని, రిజిస్టర్‌లో చూసిన ఆ ఊరు వెళ్లాను. పార్వతమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరో ఇచ్చిన కొద్దిపాటి పిక్కలు కొడుతోంది. బట్టీ మూసేసి చాలా కాలమైందని ఆటో అతను ముందే చెప్పాడు. జుట్టు నెరిసింది. నన్ను కాసేపు పరకాయించి చూసి లేచింది.

"ఆపీసమ్మగారేటి? ఇంత దూరం వొచ్చినారేటమ్మా? మా అర్జీ ఢిల్లీ ఎల్లినాదా?"

తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట అదే. నేను అరుగు మీద కూర్చుని, వెళ్లలేదని, నేనే పంపలేదని, ఏడాది తర్వాత చించేశారని చెప్పాను. అమెరికా సంగతి చెప్పాను. ఆమె పిక్కలు కొట్టే చెక్క పక్కన పెట్టి వింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అక్కడెవులు సదివినారమ్మా?" అని మాత్రం అడిగింది.

"పదకొండు మంది ఉన్న కమిటీ. అందులో రైతులు కూడా ఉన్నారు."

"సదివినారు గదా" అంది, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

పేర్లు ఏడే గుర్తున్నాయని ఒప్పుకున్నాను. పార్వతమ్మ కాళ్లు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది. "రాసుకోండి, నాను సెప్తాను."

చెప్పింది. బట్టీలో ఎవరు ఎవరి పక్కన కూర్చునేవారో ఆ వరుసలోనే చెప్పింది. బోడెమ్మ, ఇప్పుడు చెన్నైలో ఇటుకల పని. కామేశ్వరి, కంటి చూపు పోయింది. ఎర్రమ్మ, నీలవేణి, అక్కాచెల్లెళ్లు, ఊళ్లోనే ఉన్నారు. దాలమ్మ లేదు, పోయి రెండేళ్లయింది, అయినా రాయండి అంది. రెండో వరుస, మూడో వరుస. ఒక్క పేరు దగ్గర కూడా ఆగలేదు. నేను రాస్తూ పోయాను. మధ్యలో నా కళ్లద్దాలు మసకబారితే తుడుచుకోవాల్సి వచ్చింది, అప్పుడు మాత్రం ఆగింది.

చివర తన పేరు చెప్పి, "ఎంతమందయినారమ్మా?" అని అడిగింది.

లెక్కపెట్టాను. నలభై ఒకటి.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంటే గీతల్లేని ఆ వేళ్లతో నా చేయి పట్టుకుంది.

"ఈపాలి సింపీకండమ్మా" అంది.